బోసి చేయి

శ్రీరామ

దుమ్ముగూడెం,
జ్యేష్ఠ బహుళం, శుక్రవారం.

చిరంజీవి నారాయణకు అక్క ఆశీస్సులు.

నువ్వు ఖమ్మంలో క్షేమంగా దిగావని రాందాస్ చెప్పాడు. బస్సు కండక్టరు కనక ఈ దారిలో అందరి క్షేమాలూ అతని దగ్గరే ఉంటాయి. ఇక్కడ అందరం బాగున్నాం, పాటల పెట్టె తప్ప.

నువ్వు వేసిన కొత్త ముల్లు మంచిదే. గరగర పోయింది. పెట్టె అంతా స్పిరిటుతో తుడిచి వెళ్ళావు. దాని చేయి బోసిగా మెరుస్తోంది. కానీ పాట వణుకుతోంది. మాటలున్న చోట అంతగా తెలియదు. రత్నం రాగం తీసి నిలిపిన చోటల్లా గొంతు కింద నుంచి ఏదో గజగజలాడుతుంది.

మంగ్లి చేలోకి పోతూ కిటికీ దగ్గర ఆగి, "ఏందమ్మా, రత్నమ్మ పాటకు చలిజరం వచ్చిందా?" అంది. నవ్వుతూనే అంది. రత్నం నవ్వలేదు.

నీకు తెలియనిది కాదు. గొంతు ఆపరేషనై మాట పోయినప్పటి నుంచి నీ చిన్నక్క రత్నానికి ఆ ఒక్క ప్లేటే. పొద్దున నేను దీపం పెట్టడం, అది వచ్చి గోడకి ఆనుకుని కూర్చోవడం, వయసులో ఉన్నప్పుడు మద్రాసు వెళ్ళి పాడిన పాటని తనే వినడం. పెదవులు కదిపేది. ఇప్పుడు పాట మొదలవగానే లేచి పెరట్లోకి పోతోంది.

ఏం చేయాలో రాయి.

అక్క,
పద్మావతమ్మ


ఖమ్మం,
1-7-81.

పెద్దక్కకు నారాయణ నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. చదివి మళ్ళీ చదివాను. నాకు అర్థం కాలేదు. బయల్దేరే ముందు పెట్టి చూశాను గదా, బాగానే పాడింది. అప్పుడు పెట్టింది రత్నక్క ప్లేటు కాదు, బావ తెచ్చిన సినిమా ప్లేటు. అది నిజమే.

ముందు ఒక మాట. ఆ పాత ముల్లు అరిగి మేకులా తయారైంది. ఇంకొన్నాళ్ళు దాన్నే తిప్పితే రత్నక్క పాటంతా గీసుకుపోయి ఇసక చప్పుడు మిగిలేది. బాగున్న పెట్టెని నేను పాడుచేశానని బావ అంటే ఈ సంగతి చెప్పు. అంటాడని తెలుసు.

ఇక అసలు విషయం. ప్లేటు మీద గాడి ఉంటుంది. గాడి వంకరల వెంట ముల్లు ఊగుతుంది, ఆ ఊగడమే పాట. ఊగాల్సింది ముల్లు ఒక్కటే. దాన్ని మోసే చేయి, మేం టోన్ ఆర్మ్ అంటాం, నిమ్మళంగా ఉండాలి. ఆ చేతికి ఎక్కడి నుంచో అదురు తగులుతోంది. మోటారు నుంచా, కింద పీట నుంచా, స్పీకరు నుంచా అన్నది పట్టాలి.

పెట్టెని చెక్కపీట మీంచి తీసి గచ్చు మీద పెట్టు. స్పీకరుని ఎదుటి గోడకి మార్చు. పాత సైకిలు ట్యూబు కోసి ముక్కలు పెట్టె కాళ్ళ కింద వెయ్యి. చేతి వెనక బరువు బిళ్ళ ఉంటుంది, దాన్ని ఒక్క గీత ముందుకి తిప్పు. ఒక్కటంటే ఒక్కటే.

ఇంకోటి. నేను చెప్పేదాకా ఆ చేతిని నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోవద్దు. రత్నక్క కూడా. తలో వేలూ పెడితే సర్దిందంతా చెడుతుంది.

ఇలా చేస్తే పోతుంది. పోకపోతే నా పేరు మార్చుకుంటాను.

నారాయణ


శ్రీరామ

దుమ్ముగూడెం,
ఆషాఢ శుద్ధం.

చిరంజీవి నారాయణకు,

నువ్వు రాసినవన్నీ చేశాను. వణుకు అలాగే ఉంది.

సైకిలు ట్యూబు కోసం వెతుకుతుంటే మీ బావ తన సైకిలే కోసి ఇస్తానన్నారు. పాతది దొరికింది. గచ్చు మీద పెట్టాక కొత్త ఇబ్బంది వచ్చింది. చర్ల నుంచి వెదురు లారీలు మన వీధిన పోతాయి. లారీ పోయినప్పుడల్లా ముల్లు గెంతుతోంది. మళ్ళీ పీట మీదకే ఎక్కించాను.

మీ బావ మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మీ తమ్ముడు బాగుచేసింది బాగుపడిందో లేదో చూడ్డానికి ఇంకో మెకానిక్ కావాలి. ఇంతకీ కొత్త పేరు ఏం పెట్టుకుంటాడట?" ఆయన మాటలకి వేడెక్కకు.

రత్నం దేవుడి గదిలోకి రావడం మానేసింది. నేనొక్కదాన్నే వింటున్నాను. పెరట్లోకి వినపడుతుందని సౌండు పెంచాను. వణుకూ పెరిగింది. అది వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది.

వచ్చిన రెండు రోజులూ నువ్వు పెట్టె ముందే కూర్చున్నావు. ఈసారి వస్తే రత్నం దగ్గర కూడా కాసేపు కూర్చో.

అక్క


ఖమ్మం,
20-7-81.

పెద్దక్కకు,

బావతో చెప్పు. టౌన్లో సినిమాహాళ్ళ యాంప్లిఫయర్లు చెడితే నా షాపుకే వస్తాయి. కాలేజీ మైకు నా దగ్గరికే వస్తుంది. అలాంటివాణ్ణి సొంత అక్క ఇంట్లో ఒక చిన్న పెట్టె దగ్గర ఓడిపోతున్నాను. నిద్ర పట్టడం లేదని కాదు, తిండి పట్టడం లేదు. అన్నానికి కూర్చుంటే చెంచాతో కంచం కొడతాను, చేత్తో పట్టుకుంటాను, మళ్ళీ కొడతాను. ఏది మోగుతుందో, ఏది మోగదో చూద్దామని. మా ఆవిడ "ఇది హోటలు కాదు, పిలిస్తే వస్తాను" అంటోంది.

నాకిప్పుడు మోటారు మీద అనుమానం. దాన్ని మోసే రబ్బరు బుష్‌లు రాయిలా గట్టిపడి ఉంటాయి. మోటారు గుర్రు నేరుగా చేతికి ఎక్కుతోంది. కొత్త బుష్‌లు రాందాస్‌కి ఇచ్చాను. అదే అట్టపెట్టెలో గ్రీజు డబ్బా కూడా ఉంది. పంపుసెట్లు చూసే భద్రుని పిలిచి బుష్‌లు మార్పించు. చేయి తిరిగే కీలు దగ్గర గ్రీజు ఆవగింజంత రాయి. అది నువ్వే రాయి. భద్రుని చేయి జోలికి రానివ్వకు.

రత్నక్క దగ్గర కూర్చోమని రాశావు. ముందు పెట్టె సంగతి చూడనీ.

నారాయణ


శ్రీరామ

దుమ్ముగూడెం,
ఆషాఢ బహుళం.

చిరంజీవి నారాయణకు,

బుష్‌లు అందాయి. గ్రీజు డబ్బా అందలేదు. దారిలో ఎక్కడో జారిపోయిందని రాందాస్ అన్నాడు. "సారును తిట్టొద్దనుండ్రి అమ్మా, కోడిపిల్లల గంప మీద పెడితే నేనేం జేస్త" అని బాధపడ్డాడు.

భద్రు వచ్చి బుష్‌లు మార్చాడు. ప్లేటు పెట్టి విన్నాడు. "గీ పెట్టెకన్న పంపు మోటరు నయమమ్మా. అది తిరుగుతది, లేకుంటే ఆగుతది. గిది తిరుగుకుంటనే ఏడుస్తది" అన్నాడు.

గ్రీజు లేదు కనక కీలు దగ్గర దీపం ఆముదం వేశాను. చుక్క వేద్దామనుకున్నాను, ఎక్కువ పడింది. ఇప్పుడు చేయి పాట మధ్యలో నిలబడిపోతోంది. అక్కడే తిరిగి తిరిగి అదే మాట పాడుతోంది. తప్పు నాది.

అక్క


ఖమ్మం,
3-8-81.

అక్కా,

ఆముదమా? పెట్టెకి వచ్చింది వణుకు, అజీర్తి కాదు!

ఒకటి చెబితే ఒకటి చెయ్యడం ఆ ఊళ్ళో ఎవరికీ చేతకాదా? ఆగలేకపోయావా? వారం ఆగితే ఇంకో డబ్బా పంపేవాణ్ణి గదా. ఆముదం ఆరితే బంకవుతుంది. బంకకి దుమ్ము పడుతుంది. వెంటనే పుల్లకి దూది చుట్టి స్పిరిటులో ముంచి కీలంతా తుడిచెయ్యి. జిడ్డు అన్నది ఉండకూడదు.

షాపులో ఇలాంటి చేయే ఒకటి విప్పి ముందు పెట్టుకున్నాను. సన్నటి గొట్టం. లోపల గుల్ల. గోటితో కొడితే ఖాళీ బిందెలా మోగుతుంది. ముల్లు దగ్గర పుట్టిన అదురు ఈ గొట్టం వెంట పైకి పాకి, మోగి, మళ్ళీ కిందికి దిగి పాటలో కలుస్తోంది. గొంతు కింద ఇంకో గొంతులాగా. నువ్వు మొదటే రాశావు, కింద నుంచి అని. ఇంతవరకు పట్టాను. దాన్ని ఎలా చంపాలో తెలియడం లేదు. ముల్లు బిగించిన తల మీద శనగగింజంత మైనం అంటించి చూడు. బరువుకి ఏమన్నా నెమ్మదిస్తుందేమో.

ఇదే పెట్టె, ఇదే చేయి, ఇదే గొట్టం. నేను రాకముందు ఎందుకు మోగలేదు? పిచ్చెక్కుతోంది.

కోపంలో రాసిన మాటలు వదిలెయ్యి. వదలకపోయినా సరే.

నారాయణ


శ్రీరామ

దుమ్ముగూడెం,
శ్రావణ బహుళం.

చిరంజీవి నారాయణకు,

ఆముదం తుడిచాను. చేయి మళ్ళీ నడుస్తోంది. మైనం పెట్టాను. వణుకు తగ్గలేదు, పాట మాత్రం బరువెక్కింది. మైనం తీసేశాను.

వరలక్ష్మీ వ్రతం జరిగింది. రత్నం పీట మీద కూర్చుంది కానీ మనసు అక్కడ లేదు. తోరం కట్టాను. కట్టించుకుని దాని వైపే చూస్తూ ఉండిపోయింది. అప్పటి నుంచి ఒకటే సైగ. కుడిచేతి వేలు ఎడమచేతి చుట్టూ తిప్పుతుంది. మణికట్టు దగ్గర మొదలుపెట్టి మోచేతి దాకా. ఏమిటంటే మళ్ళీ తిప్పుతుంది. అక్షరం రాకపోవడం ఇప్పుడు కష్టంగా ఉంది. పాటలన్నీ చెవితో పట్టేస్తోంది, ఇంక బడెందుకన్నారు నాన్న.

తోరం బిగుసుకుందేమోనని విప్పాను. విప్పిన దారం నా చేతిలోంచి లాక్కుని గబగబా పెట్టె దగ్గరికి పోయింది. పెట్టె చేతి మీద చెయ్యి వేయబోయింది. నువ్వు ముట్టుకోనివ్వొద్దన్నావు. పట్టుకుని ఆపాను. దారం నేలకేసి కొట్టి వెళ్ళిపోయింది. దానికి అంత కోపం నేను చూడలేదు.

నాకూ విసుగ్గా ఉంది, నారాయణా. జపానికి కూర్చుంటే లెక్క తప్పుతోంది. నీకు రాయకూడదనుకుని రాస్తున్నాను.

అక్క


ఖమ్మం,
27-8-81.

అక్కా,

రత్నక్క చెప్పేది మణికట్టు గురించి. పెట్టె చేతికి కూడా మణికట్టు లాంటిది ఉంది, తల కలిసే చోటు. అక్కడ స్క్రూ వదులై ఉంటుంది. తిప్పమంటోంది. పాడేవాళ్ళ చెవి కదా, పట్టేసింది. నువ్వే బిగించు. రత్నక్క చేయి పెట్టకుండా చూడు.

అదీ కాకపోతే నా దగ్గర ఇంకేమీ లేదు. చిన్న కాగితంలో ఐదు రకాల రబ్బరు ముక్కలు పెట్టాను. ఏది ఎక్కడ పెట్టాలని అడక్కు, నాకూ తెలియదు. హైదరాబాదు నుంచి ఇంగ్లీషు పత్రిక తెప్పించి చదివాను. అందులో వాళ్ళు రాతి బల్లలు కట్టుకోమంటున్నారు, ఇసక తొట్లు పెట్టుకోమంటున్నారు. దుమ్ముగూడెంలో మన ఇంటి ముందు వెదురు లారీ ఆపమని మాత్రం రాయలేదు. నిన్న షాపుకి ఒకాయన రేడియో తెచ్చి "కొంచెం వణుకుతోందండీ" అన్నాడు. ఆయన మీద అరిచేశాను. పాపం, ఆయన రేడియో వణకడం లేదు, ఆయన చెయ్యే వణుకుతోంది. పెద్దాయన.

ఇక నా వల్ల కాదు. ఆ పెట్టెనీ ప్లేటునీ తీసుకెళ్ళి గోదాట్లో వేసి చేతులు కడుక్కోండి. అందరికీ నిమ్మళం.

నారాయణ


శ్రీరామ

దుమ్ముగూడెం,
భాద్రపద శుద్ధం.

చిరంజీవి నారాయణకు,

స్క్రూ బిగించాను. అది బిగుతుగానే ఉంది.

నీ ఉత్తరాలు రత్నానికి చదివి వినిపిస్తాను. మధ్యలో ఆపితే దానికి తెలిసిపోతుంది. అందుకని చివరి మాట కూడా చదివాను.

మర్నాడు దీపం పెట్టేసరికి ప్లేటు లేదు. రత్నం లేదు. రేవు వైపు నుంచి మంగ్లి కేకలు. "అమ్మా, జల్దీ రా! రత్నమ్మ నీళ్ళల్లకు దిగుతాంది!" గోదావరి నిండుగా ఉంది. నేను ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. మంగ్లి అప్పటికే దాని కొంగు పట్టుకుని ఉంది. రత్నం మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. ప్లేటుని పసుపు గుడ్డలో చుట్టి నెత్తిన పెట్టుకుంది. విగ్రహం భిన్నమైతే నీళ్ళలో విడవడానికి ఎలా తీసుకెళతామో, అలా. అది మునగడానికి పోలేదు. పాటని విడవడానికి పోయింది.

నేను తిట్టలేదు. "మహర్నవమి దాకా ఆగు" అన్నాను. "ఆ రోజు పెట్టెకి పూజ చేసి పాట పెడదాం. అప్పటికీ నీ గొంతు వణికితే, నేనే నీతో వచ్చి విడుస్తాను." తలూపి గట్టెక్కింది.

నేను మాట ఇస్తే తప్పనని దానికి తెలుసు. నీకూ తెలుసు.

అక్క


ఖమ్మం,
14-9-81.

పెద్దక్కా,

ఆ మాట నోటికొచ్చి రాశాను. నువ్వు చదివి వినిపిస్తావని కూడా ఆలోచించలేదు.

నీతో చెప్పనిది ఒకటి ఉంది. మొన్న వేసంగిలో నేను గుమ్మంలోకి రాగానే రత్నక్క లేచి ఎదురొచ్చింది. నోరు తెరిచింది. "నానీ" అని పిలవబోయింది. పెదవులు ఆ పేరే పలికాయి. గాలి వచ్చింది. నువ్వు వంటింట్లో ఉన్నావు, చూడలేదు. నేను సంచి కింద పెట్టి, పెట్టె ఎక్కడుందని అడిగి, దాంట్లో తల దూర్చాను. రెండు రోజులు ఎత్తలేదు. ఆమె గొంతుని నేనేం చేయలేను. పెట్టెనైనా కొత్తదానిలా చేద్దామనుకున్నాను. అదీ ఇలా అయింది.

హైదరాబాదులో ఒక కొత్త చేయి దొరుకుతుందన్నారు. లోపల ఏదో నింపినది, మోగదట. తెప్పిస్తున్నాను. నవమికి ముందు నేనే తెచ్చి బిగిస్తాను. ప్లేటుని మాత్రం జాగ్రత్తగా దాచు. దండం పెడతాను.

నారాయణ


శ్రీరామ

దుమ్ముగూడెం,
భాద్రపద బహుళం.

చిరంజీవి నారాయణకు,

కొత్త చేయి తెస్తే తే. తేకపోయినా నువ్వు రా.

రత్నం సైగ మానలేదు. బీపీ చూసేటప్పుడు చేతికి పట్టీ చుడతారు కదా, అదేమోనని భద్రాచలం తీసుకెళ్ళాను. డాక్టరుగారు పట్టీ చుట్టి, "ఈమెకేం లేదమ్మా, మీకే కొంచెం ఎక్కువుంది" అన్నారు. అది నన్ను చూసి నుదురు కొట్టుకుంది.

వాన తగ్గింది.

అక్క


శ్రీరామ

దుమ్ముగూడెం,
విజయదశమి.

చిరంజీవి నారాయణకు అక్క ఆశీస్సులు.

ఈసారి ఎక్కువ రాస్తాను. ఓపిగ్గా చదువు.

అష్టమి నాడు బస్సు ఆగితే నీ కోసం గుమ్మంలో నిలబడ్డాం. రాందాస్ ఒక్కడే దిగాడు, చంకలో అట్టపెట్టె. "మీ తమ్ముడు భద్రాచలం దాంక నా బస్సుల్నే వచ్చిండమ్మా. బస్‌స్టాండ్ల దిగి చాయ్ తాగిండు. కూసున్నడు. ఎక్కుండ్రి సారూ, టైమైతాంది అంటే, గీ డబ్బా నా చేతుల బెట్టి ఖమ్మం బస్సెక్కిండు. ఏమన్న లొల్లా?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. రత్నం వింటూ ఉంది. అట్టపెట్టె తీసుకుని అటక మీద పెట్టింది. విప్పనివ్వలేదు.

నవమి పొద్దున మామూలుగానే పనిముట్లన్నీ కడిగి వరసగా పెట్టాం. నాగలి, కొడవళ్ళు, మందు కొట్టే పంపు, నా కుట్టు మిషను, చివర పాటల పెట్టె. గంధం తీశాను. దారం పసుపులో ముంచి అన్నిటికీ కట్టుకుంటూ వచ్చాను. పెట్టె దగ్గరికొచ్చాను. ఇది ఆఖరి పూజ అనుకున్నాను. దాని చేతికి ఒక చుట్టు చుట్టి, ముడి వేసి, గంధం బొట్టు పెట్టబోయాను. ఏటా చేసేది అదే. పాత దారం తీయను, దాని పక్కన కొత్తది కడతాను.

రత్నం నా చెయ్యి పట్టుకుంది. దారపు ఉండ లాక్కుంది. "వద్దే, తమ్ముడు ముట్టుకోవద్దన్నాడు" అన్నాను. అది నన్నే చూస్తూ తన ఎడమచేతి మీద వేలు తిప్పింది. మణికట్టు నుంచి మోచేతి దాకా, చుట్లు చుట్లుగా. ఆ వేలితోనే పెట్టె చేతిని చూపించింది.

అప్పుడు తెలిసింది నాకు. తోరం విప్పిన రోజు అది చెప్పబోయింది ఇదే. నేను పట్టుకుని ఆపాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

పక్కకి జరిగాను. రత్నం కూర్చుంది. తడి దారాన్ని ఆ గొట్టానికి చుట్టింది. ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా. ముల్లు ఉన్న తలని వదిలింది, వెనక బిళ్ళని వదిలింది. మధ్యలో ఎక్కడా మెరుపు కనిపించకుండా చుట్టి, పైన గంధం పలచగా పూసింది. మీ బావ వచ్చి, "ఏమిటిది, పెట్టెకి చెయ్యి విరిగిందా?" అన్నారు. రత్నం చూసిన చూపుకి బయటికి వెళ్ళిపోయారు.

ఆ రోజు పాట పెట్టనివ్వలేదు. ఆరాలని చేత్తో చెప్పింది. నవమి అన్న నా మాట ఒక రోజు అదే పొడిగించింది.

ఈ పొద్దున దీపం పెట్టాను. దారం బరువు చేరింది కదా అని బిళ్ళని కొంచెం వెనక్కి తిప్పాను. అది నువ్వు నేర్పిందే. లేకపోతే నాకేం తెలుసు. ముల్లు దించాను. వెనక్కి తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు. దేవుణ్ణి చూస్తూ నిలబడ్డాను.

రాగం తీసిన చోటు వచ్చింది. గొంతు పైకి వెళ్ళింది. నిలిచింది, నారాయణా. దీపం కొసలా కదలకుండా నిలిచింది. కింద ఏమీ లేదు. కిటికీ దగ్గర మంగ్లి, "అవ్, జరం దిగింది" అంది. అప్పుడు తిరిగి చూశాను. రత్నం ఎప్పటి చోటే గోడకి ఆనుకుని ఉంది. కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. మీ బావ గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడ్డారు. ఆయన ఏమీ అనకపోవడం నేను మొదటిసారి చూశాను.

నీ కొత్త ముల్లు మంచిదని మొదటే రాశాను. ఇప్పుడు ఇంకా బాగా తెలుస్తోంది. పాట మధ్యలో రత్నం ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా వినిపించింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదు.

ఇంకొకటి రాసి ముగిస్తాను. నువ్వు వెళ్ళిన రోజు ఊడుస్తుంటే చెత్తలో పసుపు దారాలు కనిపించాయి. ఏటేటా కట్టినవి, గంధంతో గట్టిపడి బొంగులా ఉన్నాయి. బ్లేడుతో కోసినట్టుంది. తీసి తులసి మొదట్లో పెట్టాను. నిన్ను అడిగితే నొచ్చుకుంటావని అడగలేదు. బోసిగా ఉందని మాత్రం రాశాను. చెబితే నేను నొచ్చుకుంటానని నువ్వూ చెప్పలేదు. నోరున్న మనమిద్దరం మర్యాదకి ఊరుకున్నాం. నోరు లేనిది ఒక్కతే చెబుతూ వచ్చింది.

మిగిలిన దారం ముక్క ఇందులో పెట్టాను. ముడి రత్నమే వేసింది. చేతికి కట్టుకో.

అక్క


ఖమ్మం,
14-10-81.

పెద్దక్కకు,

ఉత్తరం, దారం అందాయి.

మోగే కంచం మీద చెయ్యి వేస్తే మోత ఆగుతుంది. గుల్ల గొట్టానికైనా అంతే, ఒంటిని ఏదో ఒకటి పట్టుకుని ఉండాలి. ఈ సంగతి నాకు తెలుసు. మూడు నెలలుగా అన్నం ముందు కూర్చుని కొడుతూ, చేత్తో ఆపుతూనే ఉన్నాను. ఆ దారాలు నాకు మురికిలా కనిపించాయి. అంతే.

దారం నా చేతికి కట్టుకోలేదు. షాపులో స్పిరిటు సీసా మెడకి కట్టాను. ఇక ఏది తుడవబోయినా ముందు అది వేళ్ళకి తగలాలి.

ఆదివారం వస్తున్నాను. రత్నక్కకి చదివి వినిపించు. పెట్టె మూత కూడా తీయను, ఆమె దగ్గరే కూర్చుంటాను. నన్ను పిలవమని చెప్పు. గాలైనా సరే, పలుకుతాను.

భద్రాచలంలో దిగనివ్వొద్దని రాందాస్‌కి ముందే చెప్పి పెట్టాను.

నానీ